ఆఖరి రోజుల్లో సెలైన్ ఎందుకు, ఆక్సిజన్ ఎందుకు? పరిశోధన చెప్పిన జవాబులు, హైదరాబాద్ అడగాల్సిన ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఇక రోజుల్లో ఉన్న మనిషి మంచం పక్కన రెండు మాటలు వినిపిస్తుంటాయి. "ఏమీ తినట్లేదు సార్, కనీసం సెలైన్ అయినా ఎక్కించండి." "దమ్ము ఆడట్లేదు, ఆక్సిజన్ పెట్టండి." రెండూ ప్రేమతో అడిగేవే. డాక్టర్లు కూడా చాలాసార్లు కాదనరు. కాదంటే 'ఏమీ చేయకుండా వదిలేశారు' అన్న మాట పడాలి. అలా చేతికి సూది ఎక్కుతుంది, ముక్కుకి గొట్టం చేరుతుంది. దానివల్ల ఆ మనిషికి నిజంగా సుఖంగా ఉందా అని అడిగే తీరిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు. కొందరు అడిగారు. ఊరికే అడిగి వదిలేయకుండా లెక్కగట్టి చూశారు.

ముందు సెలైన్ సంగతి. అమెరికాలోని హ్యూస్టన్ పరిసరాల్లో హాస్పిస్ సంరక్షణలో, అంటే ఆఖరి దశ రోగులకు ఇచ్చే సంరక్షణలో ఉన్న 129 మంది క్యాన్సర్ రోగుల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. అందరిలోనూ ఒంట్లో నీరు తగ్గిన లక్షణాలున్నాయి. సగం మందికి రోజూ లీటరు సెలైన్ ఇచ్చారు, మిగతా సగానికి 100 మిల్లీలీటర్లే ఇచ్చారు. ఎవరికి ఎంత ఎక్కుతోందో రోగికీ తెలియదు, లక్షణాలు నమోదు చేసేవాళ్లకీ తెలియదు. నాలుగు రోజుల తర్వాత చూస్తే నీరసం, మగత, లేనివి కనిపించడం, ఒళ్లు ఉలిక్కిపడటం రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి. ఎన్నాళ్లు బతికారన్న దాంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అలాగని సెలైన్ ఎవరికీ పనికిరాదని కాదు. వాంతులు, విరేచనాలతో నీరు పోయిన మనిషికి అది ప్రాణం పోస్తుంది. అయితే శరీరం తనంతట తానే ఒక్కో పనీ ఆపుకుంటున్న దశ వేరు. అప్పుడు ఎక్కించిన నీరు కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో చేరి ఇబ్బంది పెట్టవచ్చు. నరం దొరక్క సూది మళ్లీ మళ్లీ గుచ్చాల్సి రావచ్చు. ఆ దశలో దాహంగా అనిపించడానికి చాలావరకు నోరు ఎండిపోవడమే కారణం. తడి దూదితో పెదాలు తడపడం, చెంచాతో రెండు చుక్కలు పోయడం, నోరు శుభ్రంగా ఉంచడం వల్ల తెలిసే హాయి బాటిల్ వల్ల తెలియదు. ఈ పని ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. ఏదో ఒకటి చేయాలని తల్లడిల్లే కొడుక్కో కోడలికో కూడా దానివల్ల మనసు కాస్త కుదుటపడుతుంది.

ఆక్సిజన్ కథ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్‌లలోని 239 మంది పాల్గొన్నారు. అందరికీ ముదిరిన జబ్బు, తగ్గని ఆయాసం. కానీ రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోలేదు. కొందరికి గొట్టం ద్వారా ఆక్సిజన్ ఇచ్చారు, కొందరికి అలాంటి మిషన్ నుంచే అలాంటి గొట్టంలోనే గదిలో ఉండే మామూలు గాలి పంపారు. వారం రోజులు చూశారు. రెండు గుంపుల వాళ్లకీ కాస్త తేలికైంది, అదీ దాదాపు ఒకే మోతాదులో. అంటే ఊరటనిచ్చింది ఆక్సిజనే అని చెప్పడానికి వీల్లేదు. ముఖానికి గాలి తగలడం వల్ల కావచ్చు, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం కావచ్చు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో వచ్చిన మరో చిన్న అధ్యయనంలో 50 మంది ఆయాస రోగులకు చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ ఇచ్చారు. ఐదు నిమిషాలు ముఖానికి గాలి తగిలేలా, మరో ఐదు నిమిషాలు కాళ్లకు తగిలేలా పెట్టి అడిగారు. ముఖానికి తగిలినప్పుడు ఆయాసం తగ్గిందని తేలింది. మన ఇళ్లలో విసనకర్ర ఎప్పటి నుంచో ఉంది. సిలిండర్ అద్దెకు అప్పు చేసే ఇంటికి ఈ విషయం తెలియడం ఎంత అవసరమో ఆలోచించండి. రక్తంలో ఆక్సిజన్ నిజంగా పడిపోయినవాళ్ల సంగతి వేరే. అక్కడ డాక్టరు చెప్పిందే చేయాలి.

మూడోది పలవరింత. చివరి దశలో చాలామంది ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టరు, రాత్రంతా కలవరిస్తారు, ఎప్పుడో పోయినవాళ్లు వచ్చి పిలుస్తున్నారంటారు. ఇంట్లో వాళ్లు భయపడిపోతారు. ఆసుపత్రిలో మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ లాంటి మందు ఇవ్వడం ఏళ్ల తరబడి అలవాటుగా వస్తోంది. ఆస్ట్రేలియాలో పాలియేటివ్ కేర్‌లో, అంటే ఉపశమన వైద్యంలో ఉన్న 247 మందితో చేసి 2017లో ప్రచురించిన ట్రయల్‌లో, తేలికపాటి నుంచి మధ్యస్థంగా పలవరింత ఉన్నవాళ్లను చూస్తే, డమ్మీ మందు తీసుకున్నవాళ్ల కన్నా ఈ మందులు తీసుకున్నవాళ్ల ఇబ్బందే ఎక్కువగా ఉంది. అందరికీ అందుతున్న మామూలు సంరక్షణ మాత్రం ఒకటే: మలబద్ధకం, ఇన్ఫెక్షన్ లాంటి కారణాలు వెతికి సరిచేయడం, వెలుతురు, కళ్లజోడు, తెలిసిన గొంతు. మేలు చేస్తుందని అందరూ నమ్మిన మందు మేలు చేయకపోగా ఇబ్బంది పెంచిందని పరీక్షించకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

పాలియేటివ్ కేర్ అనగానే మన దగ్గర 'డాక్టర్లు చేతులెత్తేశారు' అని అర్థం చేసుకుంటారు. దీన్ని కాస్త విడదీసి చూడాలి. తీవ్రమైన జబ్బు వల్ల వచ్చే నొప్పి, ఆయాసం, నిద్ర లేకపోవడం, దిగులు, కుటుంబం పడే టెన్షన్, వీటన్నిటికీ చేసే వైద్యం అది. కీమో నడుస్తుండగానే మొదలు పెట్టొచ్చు. క్యాన్సర్‌కే పరిమితం కాదు. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు, పక్షవాతం, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకూ కావాలి. ఆఖరి రోజుల సంరక్షణ అందులో చివరి భాగం. కారుణ్య మరణానికీ దీనికీ సంబంధం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సంరక్షణ అవసరం. అందులో అందుతున్నది దాదాపు 14 శాతం మందికే.

త్వరగా మొదలుపెడితే ఏమవుతుందన్నది బోస్టన్‌లో పరీక్షించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగానికి మామూలు క్యాన్సర్ చికిత్స, మిగతా సగానికి దాంతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ బృందం. 2010లో ఫలితాలు వచ్చాయి. రెండో గుంపు వాళ్ల రోజువారీ జీవితం మెరుగ్గా ఉంది, దిగులు తక్కువగా ఉంది, చివరి రోజుల్లో భారీ చికిత్సల పాలైనవాళ్లు తక్కువ. పైగా వాళ్ల మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటిన కాలం, 11.6 నెలలు, మొదటి గుంపుది 8.9 నెలలు. ఉపశమనం వైపు వెళ్తే ఆయుష్షు తగ్గుతుందేమోనన్న భయానికి ఇంత సూటిగా జవాబు దొరకడం వైద్య ప్రపంచాన్నే కదిలించింది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో తల, మెడ క్యాన్సర్లు ముదిరిన 180 మందితో ఇలాంటి ట్రయలే చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. జీవన నాణ్యతలో గానీ, బతికిన కాలంలో గానీ తేడా కనిపించలేదు. నా దృష్టిలో మనకు బోస్టన్ కన్నా ఈ ముంబై ట్రయలే ముఖ్యం. ఇది పాలియేటివ్ కేర్ దండగ అని చెప్పడం లేదు. అక్కడ పనిచేసిన పద్ధతి ఇక్కడి జబ్బులకు, ఇక్కడి ఆర్థిక పరిస్థితులకు, ఇక్కడి కుటుంబాలకు అలాగే అతుకుతుందని అనుకోవద్దని చెబుతోంది. గుట్కా, పొగాకు వల్ల మన దగ్గర ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్ వేరు, దాని నొప్పి వేరు. ముద్ద మింగలేని, మాట రాని మనిషికి ఏది ఊరటనిస్తుందో ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్కలు చెప్పలేవు. దాన్ని ఇక్కడే కనుక్కోవాలి.

నొప్పి దగ్గరికి వద్దాం. ఒకప్పుడు బ్రిటన్‌లో క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ లేదా హెరాయిన్, కొకైన్, సారాయి కలిపిన ద్రావకం ఇచ్చేవారు. ఏ ఆసుపత్రి పాళ్లు దానివి, ఎవరి పాళ్లు వాళ్లకు గొప్ప. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌లో రాబర్ట్ ట్వైక్రాస్ 1970లలో వీటిని పోల్చి చూశారు. నోటి ద్వారా, వేళ తప్పకుండా ఇస్తే ఒట్టి మార్ఫిన్ కూడా హెరాయిన్‌తో సమానంగా పనిచేస్తుందని తేలింది. తర్వాత ఆ కలగలుపు మందులు పోయాయి. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నొప్పి తీవ్రతను బట్టి మెట్టు మెట్టుగా మందు పెంచే పద్ధతిని ప్రకటించింది. ఈ రోజు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రోగి చేతికి మార్ఫిన్ మాత్ర అందుతోందంటే దాని వెనుక ఈ పరిశోధన ఉంది.

మాత్ర ఉన్నంత మాత్రాన అది రోగి దాకా చేరుతుందని లేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మార్ఫిన్ తయారయ్యే నల్లమందును ప్రభుత్వ అనుమతితో పండించే దేశం మనది. అయినా 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం తర్వాత వైద్యానికి వాడే మార్ఫిన్ దేశంలో 90 శాతానికి పైగా పడిపోయింది. లైసెన్సుల మీద లైసెన్సులు, జైలు భయం. దాంతో మందుల షాపులు, ఆసుపత్రులు దాన్ని పెట్టడమే మానేశాయి. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం నేర్చుకోకుండానే బయటికి వచ్చారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒకే అనుమతి సరిపోయేలా చేశారు. అయినా 2017లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ వేసిన లెక్క ప్రకారం మన దేశంలో అందుతున్నది అవసరంలో దాదాపు 4 శాతమే. చట్టం మారిన తర్వాత ఏ జిల్లాలో ఎక్కడ ఆగిపోతోంది, అనుమతి దగ్గరా, రాసే డాక్టరు దగ్గరా, మింగే రోగి దగ్గరా అన్నది తేల్చడం కూడా పరిశోధనే. లాబొరేటరీ అక్కర్లేని, ఎవరూ మెడల్ ఇవ్వని పరిశోధన.

రోగి దగ్గర ఆగిపోవడం చిన్న విషయం కాదు. 'మార్ఫిన్ అంటే ఇక అయిపోయినట్టే', 'అలవాటు పడిపోతాడు', 'త్వరగా పోతాడు' అంటూ మాత్రలు డబ్బాలోనే ఉండిపోతాయి. నొప్పికి తగ్గ మోతాదులో, పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ మరణాన్ని తొందరపెట్టదని, క్యాన్సర్ నొప్పికి వాడేవాళ్లలో వ్యసనం అరుదని అధ్యయనాలు చెబుతున్నాయి. దీర్ఘకాలిక నొప్పులకు విచ్చలవిడిగా రాసి అమెరికా ఎంత నష్టపోయిందో కూడా అవే చెబుతున్నాయి. జాగ్రత్త కావాలి, భయం అక్కర్లేదు. ఇంట్లో రోజూ ఎదురయ్యే కష్టం వేరే ఉంది. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు. మొదటి రోజే దానికి మందు రాయకపోతే వారం తిరక్కుండా మనిషి కడుపు పట్టుకుని విలవిల్లాడతాడు. అప్పుడు కుటుంబం ఆపేసేది మార్ఫిన్‌నే.

ఇంత మేలు ఉన్నప్పుడు పరిశోధనలు ఇంత తక్కువ ఎందుకున్నాయి? చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గరికి కాగితాలు పట్టుకెళ్లి ప్రశ్నలడగడం ఏంటన్న సంకోచం మొదటిది. ఇది మంచి మనసు నుంచి వచ్చే సంకోచమే. కానీ రోగి తరఫున డాక్టరో, కొడుకో ముందే వద్దనేస్తే అసలు మనిషిని అడిగినవాళ్లు ఉండరు. అడిగి చూసిన చోట చాలామంది రోగులు సంతోషంగా ఒప్పుకుంటున్నారు. తమకు కాకపోయినా తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందన్నది వాళ్లు చెప్పే కారణం.

రెండో చిక్కు లెక్కకు సంబంధించినది. మామూలు మందుల ట్రయల్‌లో ఆరు నెలల తర్వాత రోగిని పిలిచి చూస్తారు. ఇక్కడ ఆరు నెలలకు సగం మంది ఉండరు, ఉన్నవాళ్లలో కొందరికి మాట్లాడే ఓపిక ఉండదు. మిగిలిన కాస్త ఓపిక ఉన్నవాళ్ల జవాబులే లెక్కేస్తే అంతా బాగుందన్న తప్పుడు బొమ్మ వస్తుంది. అందుకే ఈ రంగంలో వేరే పద్ధతులు తయారు చేసుకున్నారు. ఫలితాన్ని రోజుల్లో కొలుస్తారు. తప్పుకున్నవాళ్లు చనిపోయి తప్పుకున్నారా, జబ్బు ముదిరి తప్పుకున్నారా, ఇంకేదైనా కారణమా అని విడివిడిగా రాస్తారు. కొత్త సేవను కొందరికి వెంటనే, మిగతావాళ్లకు కొన్ని వారాల తర్వాత ఇచ్చి మధ్యలో తేడా చూస్తారు. లండన్‌లో 105 మంది ఆయాస రోగులతో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం ఇలాంటిదే. ఎవరికీ సేవ లేకుండా పోలేదు. వెంటనే సేవ అందినవాళ్లకు ఆయాసం తమ అదుపులో ఉందన్న ధైర్యం పెరిగింది.

పరిశోధన లేకుండా మంచి ఉద్దేశంతోనే ముందుకెళ్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌కి అనుభవమే. 1990ల చివర లివర్‌పూల్‌లో ఆఖరి రోజుల సంరక్షణకు ఒక పద్ధతి రాసుకున్నారు. అది బాగుందని దేశమంతా అందుకుంది. కొన్నిచోట్ల అది కాగితం మీద టిక్కులు పెట్టడంగా మారింది. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా నీళ్లు, ఆహారం ఆపేశారన్న ఫిర్యాదులొచ్చాయి. 2013లో జూలియా న్యూబర్గర్ కమిటీ దాన్ని ఎత్తేయమంది. గట్టి ట్రయల్ ముందు జరగాల్సింది, వ్యాప్తి తర్వాత. అక్కడ తలకిందులైంది. అమెరికాలో ఇంకో రకం పాఠం వచ్చింది. 9,105 మంది రోగులతో సాగి 1995లో వెలువడిన సపోర్ట్ అధ్యయనంలో, రోగి ఎన్నాళ్లు ఉండొచ్చు, ఏం కోరుకుంటున్నాడు అన్న సమాచారం నర్సుల ద్వారా డాక్టర్లకు చేరవేశారు. అయినా చికిత్స తీరు మారలేదు, నొప్పి తగ్గలేదు. సమాచారం ఇస్తే చాలదు, ఆసుపత్రి నడిచే పద్ధతే మారాలని అప్పుడు అర్థమైంది.

హైదరాబాద్‌కి పునాది లేకపోలేదు. ఎంఎన్‌జేలో డాక్టర్ గాయత్రి పాలాట్ వంటివారు కట్టుకొచ్చిన పాలియేటివ్ విభాగం ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ నడిపే కుముదినీ దేవి కేంద్రం కూడా ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు, ఇంటికొచ్చే ఆలన వాహనాలు ఉన్నాయి. కేరళలో 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన పని ఊరూరా వాలంటీర్ల ఉద్యమంగా పెరిగి, 2008లో రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది. ఆ నమూనా ఇక్కడికి తెచ్చుకుందామని అందరూ అంటారు. తెచ్చుకునే ముందు మన ఊరి ప్రశ్నలు మనం అడగాలి.

అద్దె ఇంటి సంగతే తీసుకోండి. విదేశీ అధ్యయనాల్లో తరచూ కనిపించే ప్రశ్న: చివరి రోజులు ఎక్కడ గడపాలనుకుంటున్నారు? ఇంట్లో అన్నవాళ్లు ఇంట్లోనే పోతే అది మంచి సంరక్షణకు ఒక కొలమానం. కూకట్‌పల్లిలోనో మల్లాపూర్‌లోనో రెండు గదుల్లో అద్దెకున్న కుటుంబానికి ఈ ప్రశ్న వేసి చూడండి. ఇంట్లో చావు జరగడానికి ఒప్పుకోని ఓనర్లు, శవాన్ని గుమ్మంలోకి రానివ్వని ఓనర్లు ఈ నగరంలో ఉన్నారు. సొంతూరికి తీసుకెళ్దామంటే అక్కడ మార్ఫిన్ దొరుకుతుందో లేదో తెలియదు. ఆసుపత్రి ఐసీయూలో పోవడానికి వైద్యంతో సంబంధంలేని ఇలాంటి కారణాలు ఎంతవరకు ఉన్నాయో ఎవరైనా కొలిస్తే, హాస్పిస్ పడకలు ఎన్ని కావాలో, ఏ పేటలో కావాలో ప్రభుత్వానికి తెలుస్తుంది.

'నాన్నకి చెప్పొద్దు డాక్టర్' అన్నది ఇంకో పెద్ద విషయం. జబ్బు పేరు దాచిపెట్టడం మన ఇళ్లలో ప్రేమకు గుర్తు. రోగికి అంతా చెప్పేయడమే సరైన పద్ధతని పాశ్చాత్య పుస్తకాలు చెబితే మనం తలూపి వచ్చేస్తాం, ఇంటికెళ్లి మళ్లీ దాస్తాం. ఏ దశలో, ఎవరి ద్వారా, ఎంత చెబితే ఆ పెద్దాయనకు భయం తగ్గుతుంది, పొలం పత్రాలో చెల్లెలితో మాటలో తేల్చుకునే వ్యవధి దొరుకుతుంది అన్నది తెలుగు కుటుంబాల్లోనే కూర్చుని కనుక్కోవాలి. కొడుకు డల్లాస్‌లో ఉండి వీడియో కాల్‌లో 'ఏది కావాలంటే అది చేయండి, ఖర్చు చూడొద్దు' అంటుంటే, పక్కన కూర్చున్న తల్లి మాట ఎంతవరకు చెల్లుతోందన్నదీ చూడాలి. వైద్యం ఎంతవరకు వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌కు సుప్రీంకోర్టు 2018 మార్చిలో అనుమతిచ్చింది. 2023 జనవరిలో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలంటూ పద్ధతిని తేలిక చేసింది. అది ఆసుపత్రి ఫైలు దాకా చేరుతోందా అన్నది ఇంకా చూడాల్సిన పని.

ఇవన్నీ తేలాలంటే కొలిచే సాధనాలూ మనవి కావాలి. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగితే కొందరు పెద్దవాళ్లకు తికమకగా ఉంటుంది. రూపాయికి ఎన్నణాలు తగ్గిందని అడిగితే ఠక్కున చెబుతారు. ప్రశ్నావళిని తెలుగులోకి దించి, రోగులు దాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో పరీక్షించి, తర్వాతే వాడాలి. ఉర్దూ మాట్లాడే పాతబస్తీ రోగికి వేరేగా, లంబాడా తండా నుంచి వచ్చిన రోగికి వేరేగా ఈ పని చేయాలి. ఇది ఖరీదైన పని కాదు, ఓపిక ఉన్న నర్సుల పని. వాళ్ల జీతానికి అధ్యయనాల బడ్జెట్లో చోటు ఉండాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉండి, ఆసుపత్రిలో ఒక అధ్యయనం గురించి అడిగితే సంతకం పెట్టే ముందు కొన్ని విషయాలు అడిగే హక్కు మీకుంది. రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉందా, ఏం చేస్తారు, ఎన్నిసార్లు రావాలి, అదనంగా సూదులు, రక్త పరీక్షలు ఉంటాయా, ఖర్చు ఎవరిది? రోగి తెలివిగా ఉన్నంతవరకు జవాబు రోగిదే. మధ్యలో వద్దనుకుంటే కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. దానివల్ల మామూలుగా అందే వైద్యం ఆగకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. సంతకం పెట్టిన పత్రం కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, సందేహం వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు దాని మీదే ఉంటుంది.